రోమ్‌లో కతోలిక చర్చిలు చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

రోమ్ నగరంలో తొమ్మిది వందలకు పైగా చర్చిలు ఉన్నాయి. కొలోసియం, వాటికన్ మ్యూజియం చూసి వచ్చేసేవాళ్లు దారిలో పది చర్చిల ముందు నుంచి నడిచి వెళ్లిపోతారు. అందులో ఒక్కదాని తలుపు తోసి చూసినా ఆ రోజంతా అక్కడే గడపాలనిపిస్తుంది. చాలామంది లోపలికి వెళ్లి కూడా "బాగుంది" అనుకుని రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. ఏ వేళకి వెళ్లాలో, లోపల ఎక్కడ నిలబడాలో తెలియకపోవడమే దానికి కారణం. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఈ రెండిటి గురించే.

రోజుకి ఎన్ని చర్చిలు చూడొచ్చు?

మూడు, మహా అయితే నాలుగు. ఐదోదానికి వెళ్లేసరికి బంగారు పూత, పాలరాయి, దేవదూతలు అన్నీ కలగలిసిపోయి ఏది ఎక్కడ చూశామో గుర్తుండదు. ఒకే కాలానికి చెందినవి మూడు చూసేకంటే ఒకటి 5వ శతాబ్దానిది, ఒకటి 12వ శతాబ్దానిది, ఒకటి బరోక్ (17వ శతాబ్దపు ఆడంబరమైన శైలి) కాలానిది అని ఎంచుకుంటే తేడా కళ్లకు కడుతుంది. నడకకి అనువైన చోట్లు రెండు. పాంథియోన్ చుట్టుపక్కల పావుగంట నడకలోపే సాన్ లుయీజీ, సాంత్ అగోస్తీనో, మినేర్వా, సాంత్ ఇన్యాత్సియో, జెజూ ఉన్నాయి. తెర్మీని రైల్వే స్టేషన్ దగ్గర సాంతా మరియా మజ్జోరే, సాంతా ప్రస్సేదే, సాంతా మరియా దెల్లా విత్తోరియా, సాన్ కార్లో ఉన్నాయి.

ఏ వేళకి వెళ్లాలి?

మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నాలుగు పెద్ద బసిలికాలు (ప్రత్యేక హోదా ఉన్న ప్రధాన చర్చిలు) పొద్దున్నించి సాయంత్రం దాకా తెరిచే ఉంటాయి. అవి సెయింట్ పీటర్స్, సెయింట్ జాన్ లాతరన్, సాంతా మరియా మజ్జోరే, నగరపు పాత గోడలకు అవతల ఉన్న సెయింట్ పాల్స్. మిగతా చర్చిల్లో చాలావాటిని మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మూసేసి మళ్లీ మూడున్నర, నాలుగింటికి తెరుస్తారు. భోంచేసి రెండింటికి బయల్దేరితే వరసగా మూసిన తలుపులే ఎదురవుతాయి. అందుకని పొద్దున ఎనిమిదికల్లా చిన్న చర్చిల్లో ఉండండి. మధ్యాహ్నం పెద్ద బసిలికాకో పాంథియోన్‌కో కేటాయించి, నాలుగు దాటాక మళ్లీ చిన్నవాటికి వెళ్లండి.

ఆదివారం పొద్దున పూజలు జరుగుతుంటాయి కాబట్టి తిరిగి చూడటం కుదరదు. దీనికి ఒక మినహాయింపు ఉంది: 17వ శతాబ్దపు వాస్తుశిల్పి బోరోమీని కట్టిన సాంత్ ఈవో చర్చిని సాధారణంగా ఆదివారం పొద్దునే తెరుస్తారు. బుధవారం పొద్దున పోపుగారి దర్శనం సెయింట్ పీటర్స్ చౌకులో జరిగితే అది ముగిసేదాకా బసిలికాలోకి పంపరు. తలుపు మీద "కియూజో" అని ఉంటే మూసినట్టు, "మెస్సా" అంటే పూజ, "రెస్తౌరో" అంటే మరమ్మతు.

టికెట్టు కొనాలా?

దాదాపు ఏ చర్చిలోకి వెళ్లడానికీ అక్కర్లేదు. సెయింట్ పీటర్స్ బసిలికాలోకి కూడా ప్రవేశం ఉచితమే. చౌకు చుట్టూ "క్యూ లేకుండా లోపలికి" అంటూ వెంటపడేవాళ్లకి డబ్బులిచ్చాక కూడా భద్రతా తనిఖీ వరసలో నిలబడక తప్పదు. పొద్దున ఏడున్నరకల్లా చేరుకుంటే ఆ వరస చిన్నగా ఉంటుంది. టికెట్టు ఉండేవి కొన్నే: పాంథియోన్ (2023 జూలై నుంచి), సాన్ క్లెమెంటే కింది తవ్వకాలు, సెయింట్ పీటర్స్ గుమ్మటం ఎక్కడం. గుమ్మటానికి మొత్తం 551 మెట్లు. లిఫ్టు తీసుకున్నా 320 మెట్లు ఎక్కాల్సిందే. చివరి భాగంలో గుమ్మటం వంపుతో పాటు గోడ కూడా ఒరిగి ఉంటుంది, మనమూ ఒక పక్కకి వంగి నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకు చోట ఊపిరాడనట్టుండేవాళ్లు ఎక్కకపోవడమే మేలు, ఎందుకంటే సగంలో వెనక్కి తిరిగే వీలుండదు.

ఏం కట్టుకోవాలి? చెప్పులు విడవాలా?

చెప్పులు విడవక్కర్లేదు. మన ఊళ్లలో గుమ్మం దగ్గరే విడిచే అలవాటున్నవాళ్లకి ఇది మొదట ఇబ్బందిగా అనిపిస్తుంది, కానీ అక్కడ ఎవరూ విడవరు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. ఈ నియమం ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే. సెయింట్ పీటర్స్‌లో నిక్కరు వేసుకొచ్చిన మగవాళ్లని కూడా వెనక్కి పంపేస్తారు. చీర, చుడీదార్‌తో ఏ ఇబ్బందీ లేదు. చేతుల్లేని జాకెట్టు అయితే పైట భుజం చుట్టూ కప్పుకోండి. సంచిలో ఒక చున్నీ ఉంటే అందరికీ పనికొస్తుంది. మగవాళ్లు టోపీ తీసేయాలి. అడుగు మందంగా ఉన్న బూట్లు వేసుకోండి, పాత వీధుల్లో పరిచిన నల్లరాళ్ల మీద పల్చటి చెప్పులతో గంట నడిచేసరికి అరికాళ్లు మండిపోతాయి.

మేం క్రైస్తవులం కాదు. వెళ్లొచ్చా? పూజ జరుగుతుంటే?

నిస్సంకోచంగా వెళ్లొచ్చు. పూజ జరుగుతుంటే చివరి బల్ల మీద కూర్చోండి. అటూ ఇటూ తిరగకండి, ఫొటోలు తీయకండి. అందరూ లేచినప్పుడు లేస్తే చాలు. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన రొట్టె) పంచేటప్పుడు మాత్రం వరసలోకి వెళ్లకండి, అది ఆ విశ్వాసంలో ఉన్న కతోలికులకే. ఎర్ర దీపం వెలుగుతున్న చిన్న పెట్టె ఉన్న చోట సత్ప్రసాదం ఉన్నట్టు లెక్క, అక్కడ మాటలు ఆపాలి. చెక్క గదుల్లో పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) జరుగుతుంటే దూరంగా నడవండి.

ఒక్క పూజకైనా కూర్చోమని మా సలహా. పాట మొదలయ్యాక ఆ గుమ్మటం కింద శబ్దం ఎలా తిరుగుతుందో ఖాళీ చర్చిలో తెలిసే అవకాశం లేదు.

బయట నుంచి చూస్తే చర్చిలా లేవేం? కోసుగా ఉండే శిఖరాలేవి?

సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికా, మెదక్ చర్చి (అది కతోలిక చర్చి కాదు, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) వాళ్లది) చూసి పెరిగిన కళ్లకి చర్చి అంటే మొన తేలిన కమానులు, ఆకాశంలోకి లేచిన గోపురం. అది గోథిక్ పద్ధతి, యూరప్ ఉత్తర ప్రాంతాల్లో పెరిగి అక్కడి నుంచి మన దగ్గరికి వచ్చింది. రోమ్‌లో అది వేళ్లూనలేదు. సాంతా మరియా సోప్రా మినేర్వా లోపల మాత్రం ఆ కమానులు కనిపిస్తాయి. రోమ్ వాళ్ల కళ్ల ముందు పాత సామ్రాజ్యపు కట్టడాలున్నాయి కాబట్టి గుండ్రటి కమాను, గుమ్మటం, స్తంభాల వరసలతోనే కట్టుకున్నారు. పైగా చాలా చర్చిలు ఇళ్ల వరసలో ఇరుక్కుని ఉంటాయి. తోలు కప్పిన బరువైన తలుపు మూసి ఉన్నట్టే కనిపిస్తుంది. తోసి చూడండి.

లోపలికి అడుగు పెట్టగానే ముందు ఏం చూడాలి?

ఫోను జేబులోనే ఉంచి, గుమ్మం లోపల ఒక్క నిమిషం ఆగండి. బయటి ఎండ నుంచి వచ్చిన కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఆ మాత్రం కావాలి. తర్వాత కట్టడం ఆకారం చూడండి: పొడవాటి శాలా, గుండ్రంగా ఉందా, కోలగా ఉందా? పొడవాటిదైతే మధ్య శాలని నేవ్ అంటారు. దాని చివర అర్ధచంద్రంలా లోపలికి వెళ్లిన గూడు అప్స్, దాని ముందు బలిపీఠం. ఆపైన వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. కిటికీ కనిపించకుండా వెలుగు మాత్రం పడుతోందంటే అది బరోక్ పనితనం. చివరగా కప్పు, నేల. పక్క గోడల వెంట గదుల్లా ఉండే చిన్న పీఠాలు ఆ తర్వాతే. ముందే వాటి వెంట పడితే కట్టడం మొత్తంగా ఎలా ఉందో అర్థం కాదు.

ఒకే వరసలో స్తంభాలు ఒక్కోటి ఒక్కోలా ఎందుకున్నాయి?

అవి పాత రోమన్ కట్టడాల నుంచి తెచ్చినవి కాబట్టి. త్రస్తేవెరెలోని సాంతా మరియా చర్చిలో నేవ్ పొడవునా నడుస్తూ స్తంభాల తలలు చూడండి. ఎత్తు, లావు, చెక్కడం ఏవీ పూర్తిగా కలవవు. అవెంటీన్ కొండ మీద 5వ శతాబ్దంలో కట్టిన సాంతా సబీనాలో దీనికి తారుమారు: 24 స్తంభాలూ ఒకే అచ్చు. ఈ రెండూ వెంట వెంట చూడటం మంచిది.

నేల కూడా ఇలాంటిదే. మధ్యయుగపు చర్చిల్లో పెద్ద పెద్ద రాతి వలయాలు, వాటి చుట్టూ పాములా మెలికలు తిరిగే చిన్న రాళ్ల పట్టీలు కనిపిస్తాయి. దీన్ని కోస్మాతీ పని అంటారు. ముదురు వంగపండు రంగు వలయం ఈజిప్టు నుంచి వచ్చిన పోర్ఫిరీ రాయి. మధ్యయుగంలో ఆ గనుల నుంచి కొత్త రాయి వచ్చే దారి లేదు. అందుకే పాత స్తంభాన్ని పడుకోబెట్టి అరటిదూటని చక్రాలుగా తరిగినట్టు తరిగారు. మీరు నిలబడిన ఆ వలయం ఒకప్పటి స్తంభం ముక్క.

మొజాయిక్‌లో (చిన్న గాజు ముక్కలు పొదిగిన బొమ్మలో) ఒకరి తల వెనక చదరంగా ఉన్న పలక ఏమిటి?

అందరికీ గుండ్రటి ప్రభ ఉండి ఒక్కరికే చదరంగా ఉంటే, బొమ్మ వేసేనాటికి ఆ మనిషి బతికే ఉన్నారని గుర్తు. సాంతా ప్రస్సేదేలో అప్స్ ఎడమ అంచున చర్చి నమూనాని చేతుల్లో పట్టుకున్న వ్యక్తిని చూడండి. ఆయన దాన్ని కట్టించిన మొదటి పాస్కల్ పోపు (817–824), నీలం చదరం ఆయనదే. అదే చర్చిలో కుడి పక్కన సేనో పీఠం అనే చిన్న గది ఉంది. నాలుగు వైపులా బంగారు గాజు ముక్కలే. అక్కడ ఆయన తల్లి తెయొదోరా తల వెనకా చదరమే ఉంటుంది. నాణెం వేసి దీపం వెలిగించి, ఆ గది మధ్యలో తల పైకెత్తి మెల్లగా చుట్టూ తిరగండి. గాజు ముక్కలు ఒక్కోటి ఒక్కో కోణంలో పొదిగి ఉంటాయి కాబట్టి మీరు కదిలినప్పుడల్లా మెరుపు ఒక చోటి నుంచి మరో చోటికి పాకుతుంది.

ఇక్కడికి కూతవేటు దూరంలోనే సాంతా మరియా మజ్జోరే. దాని నేవ్ గోడల మీద 5వ శతాబ్దపు మొజాయిక్‌లు చాలా ఎత్తులో ఉంటాయి, చిన్న బైనాక్యులర్ లేకపోతే వట్టి రంగు మచ్చల్లా కనిపిస్తాయి. 2025 ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్‌ని సమాధి చేసింది ఈ చర్చిలోనే. సమాధి చూసే వరస విడిగా ఉంటుంది. మొజాయిక్‌ల కోసమే వచ్చినవాళ్లు ఆ వరసలో చేరక్కర్లేదు.

నాణేలు తప్పకుండా ఉండాలంటారు, ఎందుకు?

చీకటి పీఠాల్లో బొమ్మల మీద దీపం వెలగాలంటే పెట్టెలో నాణెం వేయాలి. ఒకటి రెండు నిమిషాలు వెలిగి ఆరిపోతుంది. పెట్టెకి నోట్లు పనికిరావు. యాభై సెంట్లవి, ఒక యూరోవి పది పదిహేను దగ్గర పెట్టుకోండి.

సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీలో ఎడమవైపు ఐదో పీఠంలో కరవాజ్జో వేసిన పునీత మత్తయి చిత్రాలు మూడున్నాయి. ఎడమ గోడ మీది చిత్రంలో సుంకం లెక్కపెట్టుకుంటున్న మత్తయిని క్రీస్తు పిలుస్తున్నాడు. నాణెం వేసే ముందు చీకట్లోనే ఒకసారి చూడండి. చిత్రంలో వెలుగు కుడివైపు పైనుంచి వస్తుంది. ఆ పీఠంలోని నిజమైన కిటికీ కూడా ఆ వైపే ఉంది. ఆ కిటికీ వెలుగే బొమ్మలోకి పాకినట్టు చిత్రకారుడు లెక్క కట్టాడు. విద్యుద్దీపం వెలిగాక ముఖాలు బాగా కనిపిస్తాయి గానీ ఈ సంగతి కనిపించదు.

సాంత్ ఇన్యాత్సియోలో గుమ్మటమే లేదంటారు, నిజమేనా?

నిజమే. పైన కనిపించేది చదునైన గుడ్డ మీద 1685లో ఆంద్రేయా పోత్సో వేసిన బొమ్మ. నేల మీద అందుకు ఒక గుర్తు పలక ఉంది. దాని మీద నిలబడితే గుమ్మటం నిజంగా పైకి లేచినట్టుంటుంది. ముందుకు నాలుగడుగులు వేస్తే ఒక పక్కకి కూలిపోతున్నట్టు కనిపిస్తుంది. నేవ్ కప్పు మీది పెద్ద చిత్రానికి నేల మధ్యలో మరో వలయం ఉంది. దాని మీద నిలబడితే బొమ్మలోని స్తంభాలు అసలు గోడల్లోంచే పెరిగినట్టు నిటారుగా కనిపిస్తాయి, పక్కకి జరిగితే వంగిపోతాయి. ఒక్క కన్నుతో ఒక్క చోటి నుంచి చూసినట్టు గీసిన బొమ్మ అది. పక్కనున్న అద్దం దగ్గర సెల్ఫీల కోసం పొడవాటి వరస ఉంటుంది. ఆ వరసలో నిలబడేకంటే వలయం మీద నిలబడి తలెత్తితే చాలు.

అక్కడి నుంచి జెజూ చర్చికి పది నిమిషాల నడక. సాయంత్రం ఐదున్నరకి అక్కడ ఉండేలా చూసుకోండి. ఎడమవైపున్న పునీత ఇన్యాసి పీఠం మీది చిత్రపటం సంగీతంతో పాటు కిందికి దిగుతుంది, వెనక నుంచి విగ్రహం బయటపడుతుంది. ఎదురుగా ఉన్న పీఠంలో గోవాలో సమాధి అయిన పునీత ఫ్రాన్సిస్ జేవియర్ కుడిచెయ్యి ఉంది.

సమయం తక్కువ. ఒక్క గంటలో బరోక్ అంటే ఏమిటో తెలియాలంటే?

క్విరినాలే వీధికి వెళ్లండి. బోరోమీని కట్టిన సాన్ కార్లో, బెర్నీనీ కట్టిన సాంత్ ఆంద్రేయా ఒకే వీధిలో మూడు నాలుగు నిమిషాల దూరంలో ఉన్నాయి. ఇద్దరూ ఒకే కాలంవాళ్లు, ఒకరికొకరు పోటీ. రెండూ కోలగుడ్డు ఆకారంలోని చిన్న చర్చిలే. కానీ లోపల పోలికే ఉండదు.

ముందు సాన్ కార్లో. లోపలంతా తెలుపే, రంగురాళ్లు లేవు. గోడ ఎక్కడా తిన్నగా ఉండదు, లోపలికి నొక్కుకుంటూ బయటికి ఉబుకుతూ తిరుగుతుంది. సరిగ్గా మధ్యలో నిలబడి పైకి చూడండి. గుమ్మటంలో సిలువలు, ఆరు పలకల గళ్లు, ఎనిమిది పలకల గళ్లు ఒకదానిలో ఒకటి బిగిసి, పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. అందుకే ఉన్నదానికంటే చాలా ఎత్తుగా కనిపిస్తుంది. గుమ్మటం అడుగున కిటికీలు సగం దాగి ఉంటాయి కాబట్టి అది గాల్లో తేలుతున్నట్టుంటుంది. పక్క తలుపులోంచి చిన్న ముంగిట్లోకి వెళ్లండి. అక్కడ పిట్టగోడ కమ్మీల్ని ఒకదాని పక్కన ఒకటి తలకిందులుగా నిలబెట్టాడు: ఒకదానికి లావు కింద ఉంటే పక్కదానికి పైన. వేలితో తడిమితే తెలుస్తుంది. ఖర్చుతో పని లేని ఆలోచన అది.

ఇప్పుడు సాంత్ ఆంద్రేయా. కోలగా ఉన్న గదిని బెర్నీనీ అడ్డంగా తిప్పాడు, అంటే గుమ్మంలోంచి బలిపీఠానికి దూరం తక్కువ, పక్కలకి ఎక్కువ. గోడల నిండా ఎర్రటి పాలరాయి, పైన బంగారం. బలిపీఠం మీది చిత్రంలో పునీత ఆంద్రేయ సిలువ మీద చనిపోతున్నాడు. దాని పైన విగ్రహంగా అదే పునీతుడు మబ్బు మీద పరలోకానికి లేస్తున్నాడు. ఆ పీఠం మీద పడే వెలుగు కిటికీ మనకి కనిపించదు. గుమ్మం దగ్గరి నుంచి చూస్తే ఒక నాటకం చివరి రంగంలా ఉంటుంది.

బెర్నీనీ అందరినీ ఒక్క చూపులో గెలుచుకుంటాడు. బోరోమీనికి సమయం ఇవ్వాలి. ఒక్కటే చూడగలమంటే మేం సాన్ కార్లోకే పంపుతాం.

పాంథియోన్ గుడా, చర్చా?

రెండూ. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, 2వ శతాబ్దంలో కట్టారు, 609లో మేరీమాతకి, వేదసాక్షులకి (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లకి) చర్చిగా అంకితమైంది. చర్చి కావడం వల్లే అది మట్టిలో కలవకుండా నిలిచింది. గుమ్మటం వెడల్పు, నేల నుంచి దాని ఎత్తు రెండూ 43.3 మీటర్లే. ఇనుప కమ్మీ లేని కాంక్రీటు. అడుగున బరువు రాళ్లు కలిపి, పైకి పోయేకొద్దీ తేలికైన రాళ్లు, చివర్లో నీళ్ల మీద తేలేంత తేలికైన ప్యూమిస్ కలిపారు. మందం కూడా అడుగున 6 మీటర్లకు పైగా ఉండి పైన సుమారు 1.2 మీటర్లకి తగ్గుతుంది. నడినెత్తిన రంధ్రం తెరిచే ఉంటుంది, వాన లోపల పడుతుంది. నేల కాస్త ఉబ్బెత్తుగా ఉండి, నీళ్లు చిన్న రంధ్రాల్లోకి జారిపోతాయి. వాన రోజున వెళ్లడం అదృష్టమే అనుకోండి.

సెయింట్ పీటర్స్ ఫొటోల్లో ఉన్నంత పెద్దగా అనిపించదు. ఎందుకని?

అన్నీ ఒకే కొలతలో పెంచారు కాబట్టి. గుమ్మం దాటగానే తీర్థపు తొట్టెల్ని మోస్తున్న పసి దేవదూతల దగ్గరికి వెళ్లండి. దూరం నుంచి చంటిపిల్లల్లా ఉంటారు, పక్కన నిలబడితే దాదాపు ఆరడుగులు. నేవ్ నేల మీద ప్రపంచంలోని ఇతర పెద్ద చర్చిల పొడవులు గుర్తు పెట్టి ఉంటాయి, వాటిని చూస్తూ నడిస్తే కొలత తెలుస్తుంది. బయట చౌకులో జలయంత్రానికీ మధ్యనున్న రాతి స్తంభానికీ నడుమ నేలలో గుండ్రటి పలక ఉంటుంది. దాని మీద నిలబడితే నాలుగు వరసల స్తంభాలు ఒక్క వరసగా కలిసిపోతాయి. ఇంకో మాట: రోమ్ మేత్రాణుల (బిషప్, అంటే పోపుగారి) ప్రధాన దేవాలయం ఇది కాదు, లాతరన్.

సాన్ క్లెమెంటేకి ఎంతసేపు కావాలి?

గంటన్నర. పైన 12వ శతాబ్దపు చర్చి, దాని కింద 4వ శతాబ్దపు చర్చి, దాని కింద 1వ శతాబ్దపు కట్టడాలు, పాత రోమన్లు కొలిచిన మిత్ర దేవుడి గుడి. అట్టడుగున గోడ వెనక నీళ్లు పారే చప్పుడు వినిపిస్తుంది. కింద చల్లగా, తడిగా ఉంటుంది, మెట్లు జారతాయి. ఫొటోలు తీయనివ్వరు.

ఫోనుతో ఫొటోలు సరిగా రావేం?

కిటికీ వెలుగు ఫ్రేములో ఉంటే గోడలు నల్లబడతాయి. తెరమీద చీకటి భాగాన్ని తాకి, వెలుగు కొద్దిగా తగ్గించండి. కప్పు తీయాలంటే సెల్ఫీ కెమెరా పైకి వచ్చేలా ఫోనుని బల్ల మీద పెట్టి టైమర్ నొక్కండి. ఫ్లాష్, స్టాండు వద్దు.

రోమ్‌లో తెలుగువాళ్లకి సంబంధమున్న చర్చి ఏదైనా ఉందా?

ఉంది. ప్రతి కార్డినల్ (పోపుగారి తర్వాతి స్థాయి మతాధికారి) పేరా రోమ్‌లో ఒక చర్చి కేటాయిస్తారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయిన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారికి వియా ఔరేలియా అంతీకాలోని సాంతి ప్రోతోమార్తిరి ఇచ్చారు. తొలి తెలుగు కార్డినల్ ఆయనే. వాటికన్‌కి పడమటి వైపు, పర్యాటకులు వెళ్లే దారికి పక్కన ఉంటుంది. ఇలాంటి చర్చిల ముంగిట పోపుగారి చిహ్నం, కార్డినల్ చిహ్నం పక్కపక్కన ఉంటాయి. ఏ చర్చి గుమ్మం మీదైనా రెండు చిహ్నాలు కనిపిస్తే అదే అర్థం.

పెద్దవాళ్లతో వెళ్తున్నాం. నీళ్లు, బాత్రూముల సంగతి?

చిన్న చర్చిల్లో బాత్రూములు ఉండవు. దారిలో ఏదైనా బార్‌లో (అక్కడ కాఫీ కొట్టుని అలా అంటారు) ఒక కాఫీ తాగి అక్కడిది వాడుకోవడమే అక్కడి పద్ధతి. నీళ్లకి వీధి కుళాయిలున్నాయి, ముక్కులా వంగిన గొట్టంలోంచి ఎప్పుడూ పారుతుంటాయి, తాగొచ్చు. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి, వంగకుండా తాగడానికి అదే ఉపాయం. అరాచేలీ చర్చికి ముందునుంచి 124 మెట్లు, పెద్దవాళ్లని పక్కనున్న కాంపిదోల్యో చౌకు వైపు నుంచి తీసుకెళ్తే మెట్లు తక్కువ. తెర్మీని నుంచి వాటికన్ వెళ్లే 64వ నంబరు బస్సులో పర్సు ముందు జేబులో పెట్టుకోండి.